విజిల్ కొట్టినంక

కుంఠా నాకా, సోలాపూర్
ఏప్రిల్

పెంటప్ప మామా,

నేను, నిలేష్‌ను, రాస్తున్న. నీకు ఫోన్ జేస్తే వినబడదు. నీ డబ్బా ఫోన్ల తెలుగు అక్షరాలు రావు. మరాఠీల పంపితే "మన బడిల ఏం నేర్చుకున్నవ్ రా" అని మండుతవు. అందుకే ఎనిమిదిల బడి ఇడిసిపెట్టినంక మొదటిసారి పెన్ను పట్టుకున్న. తప్పులుంటే నవ్వకు.

అమ్మ పక్కన కూసోని బీడీలు చుట్టుకుంట, "ముందు మా అన్న పానం ఎట్లున్నదో అడుగు, తర్వాత నీ బంతి గొడవ" అంటున్నది. పానం ఎట్లున్నది? అడిగిన. ఇగ బంతి గొడవ.

కార్ఖానల మగ్గాలు తుక్కుకు అమ్మిండ్రు కాబట్టి నువ్వు సిరిసిల్లకు పోయినవని అందరు అంటున్నరు. నేనైతే ఫైనల్ ఓడినంక మొఖం చూపియ్యలేక పోయినవనుకుంటున్న. కోపం తెచ్చుకోకు. నాకు గూడ చాయ్ హోటల్ కాడ కూసోబుద్ధి అయితలేదు.

మన టీమ్‌కు నాడె పేరు తీసి మరాఠీల ధోటా మండల్ అని పెట్టిన పెద్దమనిషి ఎవరో గని, మగ్గంల నాడె లెక్క అటు ఇటు ఉరుకుడే తప్ప ఒక్క కప్పు తెచ్చింది లేదు. ఈ ఏడు ఫైనల్ దాక పోయినం. అవతల హోట్గి రోడ్ కాలనీలోళ్ల సన్‌రైజ్ క్లబ్. టైల్స్ షోరూం సేఠ్ నడిపిస్తడు, వాళ్ల ప్లేయర్లకు బూట్లిస్తడు, నౌకరి ఇస్తడు. మనకు మ్యాచ్ అయినంక వడాపావ్. అయినా ఒకటికి ఒకటి మీద నిలబడ్డం. అప్పుడు నీ కొడుకు జేసిన పని నాకు ఇప్పటికీ కండ్లు మూసుకుంటే కనబడుతది.

అనికేత్ బావ మీద అప్పటికే ఒక పసుపు కార్డు ఉన్నది. బంతి దొరికిచ్చుకొని ఉరికిండు. ఆఫ్‌సైడ్ అని రెఫరీ విజిల్ కొట్టిండు. వాళ్లు నిలబడ్డరు, మనోళ్లు నిలబడ్డరు, చాయ్ అమ్మెటోడు సుత కిట్లి పట్టుకొని నిలబడ్డడు. బావ ఒక్కడు నిలబడలే. ఉరికి ఉరికి గోల్ల గొట్టి, చేతులు చాపుకుంట మా దిక్కు వచ్చిండు. రెండో పసుపు, ఎంటనే ఎర్రది. పదిమందితోని ఆడి ఓడిపోయినం.

గమండ్, పొగరు గాకపోతే ఏంది మామా అది? విజిల్ అంటే వానికి లెక్క లేదు. జనం చెప్పులు లేపింది గందుకే. అందుల నాది గూడ ఉన్నది, దాస్త లేను.

పోయింది పోయింది. దీపావళి అయినంక మళ్ల సీజన్. కొత్త గోల్‌కీపర్ శుభమ్ దొరికిండు, లావుగ ఉన్నడు గని గోల్ సగం వాని పొట్టతోనే మూసుకపోతది. అభిజిత్ మస్తు ఉరుకుతున్నడు. నువ్వు లేవు కాబట్టి లైన్ కాడ నిలబడి సైగలు నన్నియ్యుమంటున్నరు. నేనెప్పుడు దేనికి పనికొచ్చిన మామా? ఇది విన్ననాటికెల్లి కాలు నిలుస్తలేదు.

మగ్గాల చప్పుడుల మాట వినబడక మనోళ్లు పుట్టిచ్చుకున్న సైగలు, నీ చెవులు పోయినంక నువ్వు గ్రౌండ్‌కు తెచ్చినవ్. అవతలోళ్లు గొంతులు చించుకుంటరు, మనోళ్లు ఒక్క మాట లేకుంట ఆడుతరు. నాకు యాదికున్నయి రాస్తున్న, తప్పయితే చెప్పు. రెండు వేళ్లు ఒకదానికొకటి రాకితే పడుగు తెగింది, అంటే అటు దిక్కు సందు పడ్డది. చిటికెన వేలు తిప్పితే కండెల నూలు అయిపోయింది, అంటే మనిషిని మార్చు. నెత్తి మీద రెండు చేతులు అడ్డం పెడితే మగ్గం ఆపు, అంటే ఉన్నకాడ నిలబడు.

ఒక్కటే భయం. బావ ప్రాక్టీస్‌కు వస్తలేడు. కప్పు వచ్చుడు, రాకుడు మొత్తం వాని మీద ఉన్నది. గమండ్ ఉన్నా గోల్ కొట్టెటోడు వాడే గద. నువ్వొక్క మాట రాయి, ధోటా ఇడిసిపెట్టొద్దని. నీ మాట వింటడు.

సెకండ్ హ్యాండ్ మొబైల్ తీసుకున్న. స్పీకర్ బేకార్, అవతలోళ్లు బావిలకెల్లి మాట్లాడినట్టే ఉన్నది. కొంతం చౌక్ల రిపేర్‌వాడు మంచిగనే ఉన్నదంటున్నడు. దొంగ.

నీ అల్లుడు
నిలేష్


సిరిసిల్ల
మే

అల్లుడా,

నీ అక్షరాలు కాకి కాళ్లలెక్క ఉన్నయి, అయినా మూడుసార్లు చదువుకున్న. నా పానం మంచిగున్నదని మా చెల్లెకు చెప్పు.

ఇక్కడ నూలు గోదాంల కావలి పని. చెవిటోన్ని కావలి పెట్టిండ్రని పోరలు నవ్వుతరు. దొంగ వస్తే నాకు వినబడడు గని, కనబడుతడు గద. వినబడేటోడైతే చప్పుడు అయ్యేదాక పండుకుంటడు. నేను కండ్లు తెరుచుకొని కూసుంట. గోదాం సేఠ్‌కు గీ లెక్క చెప్తే ఆయన గూడ నవ్విండు.

సైగలు సరిగనే రాసినవ్. ఒక్కటి మరిచినవ్. సైగ జేసేటప్పుడు మోచేయి భుజం కంటె మీదికి ఉండాలె. రెండు మగ్గాల అవతల ఉన్నోనికి కనబడాలె అనుకొని చెయ్యి. తొందరపడకు. నువ్వు దేనికైనా తొందరపడతవ్. మూడు కార్ఖానలు మారినవని మీ అమ్మ బాధపడుతది. లైన్ కాడ నిలబడేటోనికి కాలు కదలొద్దు, చెయ్యే కదలాలె.

శుభమ్ పొట్టను నమ్ముకోకు. కింద బంతి వస్తే పొట్ట వంగదు.

విజిల్ సంగతి ఇగ తియ్యకు. అయిపోయిన మ్యాచ్‌ను మళ్ల ఆడిపిచ్చేటోడు ఎవడు లేడు. అనికేత్‌కు ఏం రాయాలెనో నేను చూసుకుంట. నువ్వు వానితోని మాట్లాడితే ముంగట నిలబడి మాట్లాడు. ఎనకకెల్లి పిలవకు. వానికి కోపమొస్తది.

మామ


కుంఠా నాకా
జూన్

మామా,

వాన పడ్డది. గ్రౌండ్ మీద బురద, మా పోరల మొఖాల మీద నవ్వు. ఒక్కటే మంచి వార్త ముందు రాస్త. బావ ప్రాక్టీస్‌కు వచ్చిండు. ఒక్క సాయంత్రం వచ్చిండు గని, అభిజిత్ పక్కకెల్లి ఇచ్చిన బంతిని గాలిలనే గొట్టిండు. శుభమ్ పొట్ట పట్టుకొని చూస్తనే ఉన్నడు. నువ్వు చెప్పింది నిజమే, వంగదు.

హోటల్ల పండుగ లెక్క అయింది. సాయిలు తాత చాయ్ సాసర్ల పోసుకొని, "ఈ ఏడు కప్పు ధోటాదే, రాసి పెట్టుకోండ్రి" అన్నడు. "పోయిన ఏడు గదే అన్నవ్ తాతా" అని అభిజిత్ అంటే, "పోయిన ఏడు రాసి పెట్టుకోలే గదరా, అందుకే పోయింది" అన్నడు. టవల్ దుకాణం మయూరి అక్క జెర్సీలు ఇస్త అన్నది. నేను రోజు కార్ఖానకెల్లి వచ్చి అద్దం ముంగట సైగలు నేర్చుకుంటున్న. మోచేయి భుజం మీదికి. అమ్మ చూసి ఏదో గొణుగుతది. ఈ నడుమ ఆమె ఏదన్నా గొణుగుడే. గట్టిగ మాట్లాడు అంటే తిడుతది, అది మాత్రం మంచిగనే వినబడుతది.

ఇగ రెండో వార్త. రాయొద్దనుకున్న. టవల్ మూటల గఠ్ఠాలు దింపుటానికి టెంపోల హోట్గి రోడ్ దిక్కు పోయిన. టైల్స్ షోరూం ముంగట బావ కనబడ్డడు. ఇస్త్రీ అంగి, బూట్లు. మెడల పట్టీకి కార్డు ఏలాడుతున్నది. టెంపోల కెల్లి దిగి, "బావా" అని పిలిచిన. మళ్ల పిలిచిన. రోడ్డు మీద కుక్క సుత మల్లి చూసింది. వాడు మల్లలే. తలుపు తీసుకొని లోపలికి పోయిండు.

నువ్వు ఎనకకెల్లి పిలవకు అన్నవ్, నేను పిలిచిన, నాదే తప్పనుకుందాం. గని గంత గమండ్ ఏంది? నేను గఠ్ఠాలు మోసే అంగి మీద ఉన్న కాబట్టి సిగ్గయిందా వానికి?

మామా, నిజం చెప్పు. సన్‌రైజ్ సేఠ్ ఉత్తగ నౌకరి ఇయ్యడు. బావ అటు పోతున్నడా? నీకు ఎరికేనా?

నిలేష్


సిరిసిల్ల
జులై

అల్లుడా,

నౌకరి చేసుకునుడు తప్పు గాదు. బంతి వేరు, నౌకరి వేరు. వాడు చెప్పేదాక నువ్వు ఎవరికి చెప్పకు.

డిఫెన్స్ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలే. అందరు గోల్ కొట్టెటోని గురించే అడుగుతరు. పోయినేడు మనం తిన్న గోల్స్ అన్నీ కుడి మూలకెల్లి వచ్చినయి. అక్కడ ఎవరిని పెడుతున్నరు? అభిజిత్‌ను ముంగటికి పంపితే ఎనక ఎవడు ఉంటడు? బురదల పాస్‌లు చిన్నగ ఇయ్యుమను. తడిసిన నూలు లెక్క బంతి గూడ బరువెక్కుతది.

మీ అమ్మ గొణుగుతున్నదని రాసినవ్. చెల్లె గొంతు మా ఇంట్ల అందరికంటె పెద్దది. చిన్నప్పుడు మా బాపు కార్ఖానకెల్లి గూడ వినేటోడు.

ఇక్కడ వానలు లేవు.

మామ


కుంఠా నాకా
ఆగస్టు

పెంటప్పకు,

ఈసారి మామా అని రాయబుద్ధి అయితలేదు.

రాఖీ దినం, నారళీ పున్నమి నాడు మార్కండేయుని రథం ఎల్లింది. రథం ఎంబడి మేం డోలు కొట్టుకుంట పోతున్నం. చౌరస్తాల జెండాల నడుమ పెద్ద బ్యానర్. సన్‌రైజ్ క్లబ్ తరఫున పండుగ శుభాకాంక్షలు అని, కింద వాళ్ల నీలి జెర్సీల నీ కొడుకు ఫోటో. మన దేవుడు, మన రథం, మన గల్లీ. అక్కడ తెచ్చి కట్టిండ్రు. నా చేతిల డోలు కట్టె అట్లనే ఆగిపోయింది. సాయిలు తాత కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల చూసి, "మనోడేనా?" అన్నడు.

నువ్వు నాకు డిఫెన్స్ నేర్పుతున్నవ్. తడిసిన నూలు అని రాస్తున్నవ్. నీకు ఎరికే. నీ ఉత్తరం మళ్ల చదివిన, ఎరిక లేదని ఎక్కడ రాయలే నువ్వు. అబద్ధం ఆడకుంట మోసం జేసినవ్, గది గూడ ఒక ఆటనే.

మండల్ల మీటింగ్ అయింది. బోర్డు మీద టీమ్ ఫోటోల వాని మొఖం మీద నల్ల రంగు పూసినం. నేనే పూసిన. మీ ఇంటికి ఎవరం పోవొద్దని, మాట్లాడొద్దని అనుకున్నం. వారం వారం వాని తల్లి శాంత అత్త బీడీల బుట్ట నా సైకిల్ మీదనే బీడీ కార్ఖానకు పోయేది గద, అమ్మ బుట్టతోని కలిపి. అది బంద్ చేసిన. ఆమె మొన్న ఎండల బుట్ట నెత్తి మీద పెట్టుకొని నడుచుకుంట పోతుంటె నేను సైకిల్ మీద పక్కకెల్లి పోయిన. ఆగలే. అమ్మ ఆ దినంకెల్లి నాతోని మాట్లాడుతలేదు. మాట్లాడకపోతే పాయె.

అన్నిటికంటె మండేది ఏందో ఎరికేనా? సైగలు. వాడు మన సైగలన్నీ తీసుకొని పోయిండు. నేను లైన్ కాడ చెయ్యి లేపితే వాళ్లకు మొదలు తెలుస్తది. వేరే సైగలు పెడుదమని చూస్తున్నం. పడుగు తెగిందంటే పొడుగు పాస్ అని మార్చినం, కండె అంటే ఎడమకు అని మార్చినం. నిన్న ప్రాక్టీస్‌ల చిటికెన వేలు తిప్పితే ఇద్దరు ఎడమకు ఉరికిండ్రు, శుభమ్ గ్లౌజులు తీసేసి వచ్చి బెంచీ మీద కూసున్నడు. నవ్విండ్రు అందరు. నాకు నవ్వు రాలే. చిన్నప్పటికెల్లి నేర్చుకున్న మాటను మరిచిపొమ్మంటే ఎట్ల మరుస్తం?

ఇగ ఈ సీజన్ మీద నాకు ఆశ లేదు. వాన్ని ఓడగొట్టాలె, అంతే. ఒక్క మ్యాచ్. కప్పు ఎవడన్నా తీస్కపోని.

నన్ను అల్లుడా అని రాయకు.

నిలేష్


సిరిసిల్ల
సెప్టెంబర్

నిలేష్,

రాయొద్దన్నవ్, రాయను. గని చివరిదాక చదువు.

అనికేత్ పోలే. నేను పంపిన.

ఫైనల్ అయిన తెల్లారి శాంత వాని ఎనక నిలబడి ఉంటే చేతిల పళ్లెం కింద పడ్డది. చెయ్యి జారింది. గిన్నెలు, చెంచాలు అన్ని పడ్డయి. నాకు వినబడదు గని, కాళ్ల కింద బండ అదిరింది, నేను మల్లి చూసిన. వాడు అన్నం తింటనే ఉన్నడు. శాంత నా దిక్కు చూసింది, నేను ఆమె దిక్కు చూసిన. చెవిటోని పెండ్లానికి ఎవరు చెప్పాల్సిన పని లేదు.

దవాఖానకు తీస్కపోయిన. చెవులకు మిషన్ పెట్టి చూసిండ్రు. ఎడమది పోయింది. కుడిది సగం ఉన్నది. మగ్గాల నడుమ ఉంటే అది గూడ ఉండదని డాక్టర్ కాగితం మీద రాసి నాకు చూపిచ్చిండు. కొడుకు గురించి తండ్రికి నోటితోని చెప్పే వీలు గూడ లేకపాయె ఆయనకు.

ఆ దినం విజిల్ వానికి వినబడలే. జనం లొల్లిల అస్సలు వినబడలే. అందరు ఎందుకు నిలబడ్డరో చూడలే, వాని కండ్లు బంతి మీద ఉన్నయి. గోల్ అనుకున్నడు. ధోటాకు కప్పు తెచ్చిన్ననుకొని చేతులు చాపుకుంట మీ దిక్కు ఉరికొచ్చిండు. మీరు చెప్పులు లేపిండ్రు.

చెప్పరా అన్న నేను. మండల్ల కూసోని అసలు సంగతి చెప్పు, అందరు మనోళ్లే అన్న. వాడు ఒప్పుకోలే. "గమండ్ ఉన్నోనికి నౌకరి ఇస్తరు బాపూ, చెవిటోనికి ఎవరిస్తరు" అన్నడు, వాని పెదాలు చూసి చదివిన. సన్‌రైజ్ సేఠ్ అప్పటికే అడుగుతున్నడు. షోరూం నౌకరి, ఆట. షోరూంల చప్పుడు ఉండదు. అద్దం తలుపులు. నేనే పొమ్మన్న. పొమ్మని, మీ మొఖాలు చూడలేక బస్సెక్కిన. అది నువ్వు సరిగనే పట్టుకున్నవ్.

సైగలు తీస్కపోయిండని ఏడుస్తున్నవ్. అవి మన బలమని మీరందరు అంటరు. నేను గూడ అన్న. మగ్గాల నడుమ నిలబెట్టి వానికి చిన్నప్పుడే నేర్పిన, చేతులు మస్తు తిప్పుతడని మురిసిన. అది బలం గాదు. చెవులు పోయినోళ్లం చేసుకున్న ఉపాయం. ఉపాయాన్ని చూసి చప్పట్లు కొట్టుకుంట అందరం అక్కడనే ఉండిపోయినం.

ఈ సంగతి నాకు, శాంతకు, వానికి, ఇప్పుడు నీకు. సేఠ్‌కు తెలిస్తే షోరూం ఉండదు, ఆట ఉండదు, మళ్ల మగ్గమే. ఉన్న సగం చెవి గూడ పోతది. నీకు కోపం ఉన్నదని ఎరికే. ఉన్నా రాసిన.

పెంటప్ప


కుంఠా నాకా
అక్టోబర్

మామా,

చదివిన. ఎవరి చేతుల పడొద్దని పొయ్యిల ఏసిన.

అత్త బుట్ట మళ్ల సైకిల్ మీద పెట్టుకుంటున్న. బుట్ట కట్టేటప్పుడు ఆమె తాడు పట్టుకొని నిలబడ్డది. అభిజిత్ చూసి, "ఏం రా, షోరూంల నీకు గూడ అంగి కుట్టిస్తున్నరా" అన్నడు. "నీ సైజు అడిగిండ్రు" అన్న. నవ్వలే వాడు.

బోర్డు మీద రంగు తుడుద్దమని చూసిన. ఆయిల్ పెయింట్. పోదు.

డ్రా ఇడిసిండ్రు. మొదటి మ్యాచే మనకు సన్‌రైజ్‌తోని. హోటల్ల ఇగ ఇదే ముచ్చట. అనికేత్‌ను ఎట్ల ఆపాలె? ఇద్దరిని పెట్టాలెనా, ముగ్గురిని పెట్టాలెనా? కాలు చూసి తన్నుమని ఒకడు, వద్దని ఒకడు. సాయిలు తాత నా దిక్కు చూసి, "నిలేష్, నువ్వు వానితోని పెరిగినవ్. వాని లోపం ఏందో నీకు తెల్వదా?" అన్నడు.

మామా, అందరు నా మొఖం చూస్తున్నరు. నన్ను గట్ల ఎవరు ఎప్పుడు చూడలే. నాకు ఎరికే. ఎడమ దిక్కుకెల్లి ఎనక నుంచి పోతే వానికి అడుగు చప్పుడు వినబడదు. వాళ్లోళ్లు "మనిషి వస్తున్నడు" అని అరిచినా వినబడదు. గీ ఒక్క మాట చెప్తే బంతి మనది. నోటిదాక వచ్చింది. చాయ్ తాగి లోపలికి దింపిన. "ఏం లోపం లేదు తాతా, గమండ్ తప్ప" అన్న.

ఇప్పటిదాక చెప్పలే. రేపు చెప్పనని మాటియ్యలేను. ఈ టీమ్ తప్ప నాకేమున్నది? కార్ఖానల నా పేరు ఎవనికి తెల్వదు, గ్రౌండ్ కాడ తెలుసు. నువ్వు ఆ ఉత్తరం రాయకుంటే నేను ఆరాంగ వాన్ని తిట్టుకుంట బతికేటోన్ని. అది గూడ గుంజుకున్నవ్.

నిలేష్


సిరిసిల్ల
నవంబర్

నిలేష్,

నిన్ను ఏం అడగను. చెప్పినా నీ మీద కోపం ఉండదు. ధోటా ఓడాలెనని నేను గూడ మొక్కలేకపోతున్న, ఇన్నేండ్ల అలవాటు. కొడుకు ఓడాలెనని గూడ మొక్కలేను. అందుకే ఈ నెల దేవుని కాడికి పోలే.

మ్యాచ్ అయినంక రాయి. ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి.

మామ


కుంఠా నాకా
డిసెంబర్

మామా,

ఓడిపోయినం. రెండు, ఒకటి. ఉన్నది ఉన్నట్టు రాస్త.

నేను ఎవరికి ఏం చెప్పలే. గది ముందు రాసిపెడుతున్న.

మొదటి సగంల మనమే కొట్టినం, అభిజిత్ కొట్టిండు. మయూరి అక్క ఇచ్చిన జెర్సీల వాడు నిజంగనే నాడె లెక్క ఉరికిండు. నేను సైగలు మంచిగ ఇచ్చిన, కాలు కదలలే. తర్వాత వాళ్లు ఒకటి కొట్టి సమానం జేసిండ్రు. బావకు అప్పటికే ఒక పసుపు కార్డు వచ్చింది, శుభమ్ మీదికి కాలు లేపినందుకు. మా దిక్కు జనం "గమండ్, గమండ్" అని అరుస్తనే ఉన్నరు. వానికి వినబడుతదని వాళ్ల ఆశ.

రెండో సగం. బంతి వాని కాలికి దొరికింది. విజిల్ కొట్టిండు. ఆఫ్‌సైడ్. మనోళ్లు నిలబడ్డరు, వాళ్లోళ్లు నిలబడ్డరు. బావ ఉరుకుతున్నడు మామా. గదే ఉరుకుడు. తల కిందికి, కండ్లు బంతి మీద. రెఫరీ మళ్ల కొట్టిండు, చెయ్యి జేబు దిక్కు పోతున్నది. మా జనం మొఖాలు ఎలిగినయి. ఎర్ర కార్డు వస్తున్నదని అందరికి ఎరికే. నాకు గూడ ఎరికే. ఏం చెయ్యకుంట నిలబడితే సాలు.

బావ గోల్ దిక్కు తల లేపిండు. నేను గా దిక్కే లైన్ కాడ ఉన్న. నా చేతులు నెత్తి మీదికి పోయినయి. రెండు అడ్డం. మోచేతులు మీదికి. మగ్గం ఆపు.

చూసిండు. బంతి మీద కాలు పెట్టి ఆగిపోయిండు. రెఫరీ ఏదో అని, జేబులకెల్లి చెయ్యి తీసి ఇడిసిపెట్టిండు.

తర్వాత కొద్దిసేపటికే వాడు మన మీద రెండో గోల్ కొట్టిండు. చేతులు చాపలే. తల వంచుకొని ఎనకకు నడిచిండు.

మ్యాచ్ అయినంక అభిజిత్ వచ్చి నా కాలర్ పట్టిండు.

"ఆ సైగ ఎవరికి పెట్టినవ్ రా?"

"మనోళ్లకు."

"మనోళ్లు అప్పటికే ఆగిండ్రు. ఎవరికి పెట్టినవ్?"

ఏం చెప్పాలె మామా? వినబడక ఉరికిండని చెప్తే నువ్వు నమ్మి రాసిన మాట పోతది. చెప్పకుంటే అమ్ముడుపోయిన్నని ఒప్పుకున్నట్టే. నోరు మూసుకున్న, అభిజిత్ చెంప మీద ఒక్కటి కొట్టిండు. బావ పోయినేడు ఎట్ల నోరు మూసుకున్నడో అప్పుడు తెలిసింది. సాయిలు తాత కొట్టలే, తిట్టలే. "పైస ఎంత ముట్టింది బిడ్డా" అని మెల్లగ అడిగిండు. అభిజిత్ కొట్టిన దెబ్బ కంటె అది తాకింది.

మండల్లకెల్లి తీసేసిండ్రు. బోర్డు మీద బావ పక్కన నా మొఖం గూడ నల్లగయింది. డబ్బాల రంగు మిగిలిందే ఉన్నది, ఆగస్టుల నేను మూత మంచిగ పెట్టిన గద.

ఆ దినం గ్రౌండ్ కాడికెల్లి అందరు పోయినంక బావ వచ్చి ముంగట నిలబడ్డడు. ఎదురుంగ నిలబడి చూసుకునుడు ఫైనల్ అయినంక గదే మొదలు. చేతులు సగం లేపిండు, మళ్ల దింపిండు. నాకు అర్థమయింది. మన సైగలల్ల దారం తెగిందని చెప్పటానికి ఉన్నది, కండె అయిందని చెప్పటానికి ఉన్నది, సేఠ్ వస్తున్నడని చెప్పటానికి గూడ ఉన్నది. మేలు చేసినవని చెప్పటానికి లేదు. మగ్గాల కాడ దాని పని పడలే. ఇగ నోటితోని ఏదో అన్నడు. నాకు వినబడలే. "ఏంది" అంటే మళ్ల అన్నడు, అప్పుడు గూడ సరిగ వినబడలే. లొల్లి ఉండె గావచ్చు. భుజం మీద చెయ్యి పెట్టి పోయిండు.

ఇంకా మ్యాచులు ఉన్నయి. నేను పోను. ఐతారం నాడు గ్రౌండ్ దిక్కుకెల్లి డోలు చప్పుడు వస్తదని కార్ఖానల ఓవర్‌టైం పెట్టుకున్న. మగ్గాల కాడ ఏది వినబడదు, అది మంచిగున్నది.

నీ అల్లుడు
నిలేష్


సిరిసిల్ల
డిసెంబర్

అల్లుడా,

నీ ఉత్తరాలన్నీ పెట్టెలకెల్లి తీసి వరుసగ చదివిన.

మొదటి దాంట్ల మొబైల్ స్పీకర్ బేకారని రాసినవ్. జూన్ల మీ అమ్మ గొణుగుతున్నదని రాసినవ్. మా చెల్లె పుట్టినకాడికెల్లి గొణగలేదు. నాకు అప్పుడే అనుమానమైంది. గని నా మనసంత అనికేత్ మీద ఉండె, చదివి పక్కన పెట్టిన. ఇప్పుడు ఎదురుంగ నిలబడ్డోడు రెండుసార్లు చెప్పిన మాట వినబడలేదని రాసినవ్. అందరు పోయినంక వచ్చిండని నువ్వే రాసినవ్. అందరు పోయినంక లొల్లి ఎక్కడిది బిడ్డా?

కొంతం చౌక్ల రిపేర్‌వాడు దొంగ గాడు.

ఓవర్‌టైం బంద్ చెయ్యి. ఇయ్యాలనే. అనికేత్‌ను తీసుకొని దవాఖానకు పో. ఏ తలుపు కాడ కూసోవాలెనో వానికి ఎరికే. ఇద్దరు ఎదురెదురుంగ కూసోండ్రి.

డాక్టర్ ఏమన్నడో రాయి. ఫోన్ చెయ్యకు.

మామ